మీకు తెలుసా? హద్దు 5, గాలిలో 80

గ్రేటర్ నోయిడా గాలిలో 2024 సంవత్సరపు పీఎం 2.5 సగటు ఘనపు మీటరుకు 80 మైక్రోగ్రాములు దాటిందని ఐక్యూఎయిర్ నివేదిక లెక్కగట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు 5. మన దేశం పెట్టుకున్నది 40.

వెంట్రుక మందంలో దాదాపు ముప్పయ్యో వంతుండే ఈ పీఎం 2.5 నుసి ముక్కులో ఆగదు, ఊపిరితిత్తుల లోతుకి దిగిపోతుంది. ఉబ్బసం ఉన్నవాళ్లకు శ్వాసనాళాలు వాచి బిగుసుకుంటాయి, పిల్లికూతలు మొదలవుతాయి. చలికాలంలో మరీ కష్టం: నేలమీది చల్లగాలి పైకి లేవదు, కడుతున్న టవర్ల దుమ్మూ వాహనాల పొగా అక్కడే పేరుకుంటాయి.

అంతకన్నా కలవరపెట్టేది ఇంట్లోనే ఉంది. ఒక్క దోమల కాయిల్ కాలితే 75 నుంచి 137 సిగరెట్లంత పీఎం 2.5 వెలువడుతుందని 2003లోనే ఒక పరిశోధన తేల్చింది. పసిపిల్లల మంచాల కిందే దాన్ని వెలిగిస్తున్నాం.