మూగవోయిన హార్డు డిస్కు

గత వేసవిలో ఒకనాటి రాత్రి భద్రాచలమున మేము బసచేసిన గదిలో, బల్లమీద కంప్యూటరు ప్రక్కన జేబు పుస్తకమంత నల్లని పెట్టె ఒకటి పని చేయుచుండెను. అది కంప్యూటరునకు వెలుపలనుండి తగిలించుకొను హార్డు డిస్కు. దుమ్ముగూడెము, చర్ల ప్రాంతముల గూడెములలో కొన్ని యేండ్లుగా మేము ధ్వనిముద్రణ చేసిన పాటలు, డోలు వాద్యము, వృద్ధుల జ్ఞాపకములు దానియందే ఉన్నవి. ఆ పలికినవారిలో కొందరిప్పుడు లేరు. మేము లేచుటలో కాలికి కేబులు తగిలి పెట్టె నేలబడినది. ఎత్తు రెండడుగులకు మించదు. ఎత్తి చూడగా దీపము వెలుగుచునే యున్నది. కాని లోపలనుండి 'టిక్కు, టిక్కు'మని గడియారము కొట్టుకొనుచున్నట్టి చప్పుడు వినవచ్చినది. తెరపై దాని పేరు మాయమైనది.

రెండవ ప్రతి లేదు. ఆ తప్పు మాదే; ముందుగనే ఒప్పుకొనుచున్నాము.

అప్పుడు మేము చేసినది నలుగురును చేయు పనియే. కేబులు పీకి మరల పెట్టితిమి. మరియొక కంప్యూటరునకు తగిలించితిమి. ప్రక్కనున్న మిత్రుడు పెట్టెను అరచేతితో ఒకమారు తట్టి చూడుడనగా తట్టితిమి కూడ. రేడియో సెట్టు గరగరలాడినపుడు నెత్తిన ఒకటి వేసి దారికి తెచ్చిన చిన్ననాటి అలవాటు ఊరకనే పోవునా! ఇవన్నియు చేయరాని పనులని తరువాత తెలిసినది. ఇట్టి ఆపద నేడు ఏ యింటనైనను రావచ్చును. పెండ్లి ఫోటోలు, పిల్లల చదువు పత్రములు, గతించిన తండ్రిగారి కంఠస్వరము, అన్నియు ఇట్టి పెట్టెలలోనే దాగియున్నవి కదా.

మా వృత్తిలో పూర్వము టేపు ఉండెడిది. టేపు తెగినచో వాలుగా కత్తిరించి అంటుపట్టీతో అతికించువారము. తెగినచోట అర అక్షరము పోయిన పోవచ్చును గాని తక్కినదంతయు దక్కెడిది. హార్డు డిస్కు కూడ అయస్కాంతపు పూతమీదనే వ్రాయును గనుక ఒక విధముగా టేపునకు తోబుట్టువే. అయితే ఇది పట్టీ కాదు, పళ్ళెము. అమెరికాలోని ఐ.బి.ఎం. సంస్థ 1956లో వెలువరించిన మొదటి యంత్రము 'రామాక్'లో రెండేసి అడుగుల వ్యాసము గల పళ్ళెములు 50 ఉండెను. అన్నియు గలిసి యిముడ్చుకొన్నవి 50 లక్షల అక్షరములు మాత్రమే. నేడు చేతి ఫోనుతో తీయు ఒక మంచి ఫోటోకు అది చాలీచాలని చోటు.

ఇప్పటి చిన్న పెట్టెలోని పళ్ళెము సాధారణముగా నిమిషమునకు 5,400 చుట్లు తిరుగును. దానిపై వ్రాయుటకును చదువుటకును ఒక సన్నని చేయి, దాని కొసన 'హెడ్డు' అనబడు మిక్కిలి చిన్న పరికరము ఉండును. ఈ హెడ్డు పళ్ళెమును తాకదు. పళ్ళెము తిరుగు వేగమునకు పుట్టిన గాలిపొరపై తేలుచుండును. ఆ యెడము కొన్ని నానోమీటర్లు మాత్రమే. మన తలవెండ్రుక మందము సుమారు 80,000 నానోమీటర్లని తలచినచో ఆ సందు ఎంతటిదో ఊహింపవచ్చును. పొగలోని నలుసు కూడ అందులో దూరజాలదు. పెట్టె పని చేయుచుండగా క్రిందపడినచో హెడ్డు పళ్ళెమును గీరును, లేదా తానే దెబ్బతినును. దెబ్బతిన్న హెడ్డు పళ్ళెముపైనున్న దారి గుర్తులను చదువలేక వెనుకకు పోవును, మరల వచ్చును, మరల పోవును. మేము విన్న టిక్కు టిక్కు అదియే. అట్టి స్థితిలో విద్యుత్తు ఇచ్చిన ప్రతిసారియు పళ్ళెముపై మరికొంత పూత గీచుకొని పోవచ్చును. పూత పోయినచోట వ్రాతయు పోయినట్లే. దానిని లోకములో ఎవ్వరును మరల తేజాలరు.

కావున ఇట్టి చప్పుడు వినబడినచో తక్షణమే కేబులు తీసివేసి, మరల తగిలింపక యుండవలెను. ఇంతకు మించిన ప్రథమ చికిత్స లేదు.

చప్పుడు లేని జబ్బులు వేరు. దీపమే వెలుగనపుడు మొదట అనుమానింపవలసినది కేబులును. అది వంగి వంగి లోపల తెగిపోవుట మిక్కిలి సాధారణము. వేరొక కేబులుతో, వేరొక కంప్యూటరుతో ఒకమారు చూచుటలో దోషము లేదు. పాతరకపు యు.ఎస్.బి. రంధ్రము 500 మిల్లీ యాంపియర్ల విద్యుత్తు మాత్రమే ఇచ్చుటకు ఏర్పడినది. ఆకలిగొన్న డిస్కు దానితో లేవక, మరియొక రంధ్రమున చక్కగా లేచి కూర్చుండుట కలదు. ఇంత చిన్న సంగతికి డిస్కు చచ్చినదని ఏడ్చినవారిని మేమెరుగుదుము.

మరియొక రకము గలదు. డిస్కు తిరుగును, కంప్యూటరు దానిని గుర్తించును, కాని 'ఫార్మాటు చేయుదువా?' అని తెరపై ప్రశ్న వచ్చును. ఆ ప్రశ్నకు ఔనని నొక్కరాదు. ఇక్కడ చెడినది ఫైళ్ళు కావు, వాటి పట్టిక. మన పల్లెలలో పహాణీ ఎట్టిదో ఈ పట్టిక అట్టిది. ఏ ఫైలు ఎచ్చట మొదలై ఎచ్చట ముగియునో అందులో వ్రాసియుండును. పహాణీ కాగితము చిరిగినంత మాత్రమున చేను ఎచ్చటికిని పోదు. పొరపాటున ఫైలును తుడిచివేసినపుడును జరుగునది పట్టికలో పేరు కొట్టివేయుటయే. చేను అట్లే యుండును, మరియొకడు వచ్చి దున్నువరకు. ఆ దున్నుట జరుగకుండ చూచుకొనుట మన పని. అనగా ఆ డిస్కుపై ఇక ఏమియు వ్రాయరాదు. ఫైళ్ళను వెదకి తీయు ప్రోగ్రామును కూడ అదే డిస్కుపై దించుకొనరాదు. ఫోటోరెక్, టెస్ట్‌డిస్క్ అను ఉచిత ప్రోగ్రాములు ఇట్టి సందర్భములలో నిజముగా ఉపకరించును. ముందుగా డిస్కు మొత్తమునకు మరియొక డిస్కుపై యథాతథముగా నకలు తీసి, ఆ నకలు మీద పని చేయుట తెలిసినవారి పద్ధతి.

అయితే పళ్ళెములు లేని కొత్తరకపు ఎస్.ఎస్.డి. పెట్టెలకు ఈ పహాణీ సామ్యము పూర్తిగా చెల్లదు. వాటిలో పెక్కింట పేరు కొట్టివేసిన కొలది సేపటికే లోపలి యంత్రాంగము ఆ చోటును తానే శుభ్రపరచుకొనును. అట్లు పోయినది పోయినదే.

ఇక సాయమెవరిని అడుగవలెను? ఖమ్మము, కొత్తగూడెము పట్టణములలో కంప్యూటరు మరమ్మతు చేయు నేర్పరులు గలరు. కేబులు, రంధ్రము, తుడుపుడు, చెడిన పట్టిక వంటివానికి వారు చాలుదురు. కాని హెడ్డు దెబ్బతిన్న డిస్కు మూత విప్పుట దుకాణములో జరుగవలసిన పని కాదు. దానికి వడగట్టిన గాలి గల గది కావలెను. ఘనపుటడుగు గాలిలో అర మైక్రానుకు మించిన నలుసులు నూరింటికి లోపుగా నుండు చోటుననే పెట్టె తెరచుట ఈ వృత్తిలో నియమము. మన ఇండ్లలోని గాలిలో అట్టి నలుసులు లక్షల సంఖ్యలో ఉండును. మేము మొదట అడిగినచోట ఒకాయన తలపై పంకా తిరుగుచుండగనే స్క్రూలు విప్పబోయెను. ఆయన సాహసమునకు నమస్కరించి పెట్టెను వెనుకకు తీసికొంటిమి.

హైదరాబాదు వంటి నగరములలో ఈ పనికే ప్రత్యేకించిన ప్రయోగశాలలున్నవి. వారు అదే నమూనాకు చెందిన వేరొక డిస్కును సంపాదించి దాని హెడ్డును దీనికి అమర్చి, ప్రాణమున్నంతలో నకలు తీయుదురు. ఖర్చు వేలలో నుండును. కొత్త డిస్కు ధరకు పలు రెట్లు కావచ్చును. అందుచేత పెట్టె అప్పగించుటకు ముందే కొన్ని మాటలు కాగితముపై వ్రాయించుకొనుట మంచిది. పరీక్షకు రుసుము ఎంత? ఏమియు రానిచో చెల్లింపవలెనా? వచ్చిన ఫైళ్ళ జాబితా చూపిన తరువాతనే సొమ్ము తీసికొందురా? పాత డిస్కును తిరిగి ఇత్తురా? రసీదుపై డిస్కు వరుస సంఖ్య తప్పక ఉండవలెను. తప్పక అన్నియు తెచ్చెదమని ముందుగనే ప్రమాణము చేయువానిని మేము నమ్మము. పెట్టె తెరువక ఆ మాట ఎవ్వడును చెప్పజాలడు. చెల్లింపు విషయమున మోసము జరిగినదని తోచినచో 1915 సంఖ్యకు ఫోను చేయవచ్చును. అది జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రము. ఖమ్మములో జిల్లా వినియోగదారుల కమిషను కూడ కలదు.

గ్యారంటీ ఉన్నది కదా యని కొందరు ధైర్యముతో నుందురు. గ్యారంటీ సాధారణముగా పెట్టెకు గాని అందలి సరుకునకు కాదు. తయారీదారు పాతది తీసికొని కొత్తది ఇచ్చును. మీ ఫోటోలు పాతదానితో పోవును.

ఇంట చేయు వైద్యములను గూర్చి ఒక మాట. డిస్కును ఫ్రిజ్జులో పెట్టిన బాగగునని ఒక వాడుక గలదు. చల్లబడిన లోహముపై మంచుబిందువులు పట్టి, బ్రతుకవలసినది కూడ చచ్చును. పెట్టె క్రిందనున్న పచ్చని పలకను మార్చిన చాలునని మరియొకరందురు. పూర్వము కొంత నిజమే. ఇప్పుడు ప్రతి డిస్కునకు దానికే చెందిన కొలతలు ఆ పలకలోని చిప్పులో వ్రాసియుండును గనుక అదే రకపు పలక తెచ్చి తగిలించినంత మాత్రమున పని జరుగదు.

మన ప్రాంతమునకు విశేషించి చెప్పవలసినది వరద. భద్రాచలమున గోదావరి 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022 జూలైలో 71 అడుగుల పైకి వచ్చినది. మూడవ ప్రమాద హెచ్చరికయే 53 అడుగులు. 2024 సెప్టెంబరు 1వ తేదీన మున్నేరు పొంగి ఖమ్మము పట్టణములోని పల్లపు పేటలను ముంచెత్తినది. పెక్కు డిస్కులకు గాలి పీల్చుకొను సన్నని రంధ్రమొకటి ఉండును. వరద నీరు ఆ దారిని లోపలకు చేరును. నీట మునిగిన డిస్కును ఎండలో పెట్టుటయు, బియ్యములో దాచుటయు సహజముగా తోచు పనులే, కాని రెండును తప్పే. నీరు ఆరినచో ఒండ్రు పళ్ళెమునకు పట్టుకొని రాయియగును. తడి గుడ్డతో సహా ప్లాస్టిక్ సంచిలో గాలి చొరకుండ మూసి, విద్యుత్తు తగిలింపక, ఆ తడితోనే ప్రయోగశాలకు చేర్చవలెనని నిపుణులు చెప్పుదురు. వరద హెచ్చరిక రాగానే బియ్యపు మూటలతోబాటు ఈ పెట్టెను కూడ అటక ఎక్కించువారిని మేము చూచితిమి. అంతకంటె, ఒక ప్రతిని మెట్టప్రాంతమున నున్న బంధువుల ఇంట ఉంచుట మేలు.

నిరాశకు మాత్రము తావు లేదు. 2003 ఫిబ్రవరి 1వ తేదీన కల్పనా చావ్లా తోడి వ్యోమగాములతో ప్రాణములు కోల్పోయిన కొలంబియా వ్యోమనౌక శకలములలో కాలి నల్లబడిన హార్డు డిస్కు ఒకటి దొరకినది. చూచుటకు లోహపు ముద్దవలె నుండెను. అయినను అందలి ప్రయోగ సమాచారములో నూటికి 99 వంతులు రాబట్టిరి. డిస్కు సగమే నిండియుండుటచేతను, గాట్లు వ్రాతలేని చోట పడుటచేతను అది సాధ్యమైనది.

మా అదృష్టము అంతటిది కాదు. హైదరాబాదులో మూడు వారములుంచి, మా ధ్వనిముద్రణలలో సుమారు మూడింట రెండు వంతులు తెచ్చి ఇచ్చిరి. మిగిలినవి పళ్ళెముపై హెడ్డు గీచిన వలయముతో పోయినవి. మేము తట్టిన తట్టు అందులో ఎంత పాపము కట్టుకొన్నదో! పోయినవానిలో ఒక అవ్వ పాడిన నాటుపాట యుండెను. ఆ అవ్వ మరుసటి సంవత్సరమే కాలము చేసినది. ఆ పాట మరియొకచోట మాకు వినబడలేదు.

సొమ్ము ఖర్చుపెట్టుటకు ముందు చేయవలసిన పనిని మేము కడపట చేసితిమి. పోయినదానిలో ఏది మరియొకరి వద్ద ఉండవచ్చునో జాబితా వ్రాయుట. చదువు పత్రములలో పెక్కింటిని డిజిలాకర్‌నుండి మరల పొందవచ్చును. పెండ్లి ఫోటోలు వియ్యాలవారి ఫోనులోనో, పొరుగూరి మేనమామ ఫోనులోనో ఉండనే యుండును. అడుగుటకు మొగమాటము గాని మరేమియు అడ్డు లేదు. మేమును ఆ గూడెమునకు ఫోను చేసి, మా కష్టము చెప్పితిమి. అవ్వ మనుమడు కొంతసేపు ఊరకుండి,

"సారూ, ఆ రాత్రి నేను గూడ ఫోన్ల పట్టిన. మా కుక్క మొరుగుడు గూడ పడ్డది. పనికొస్తదా?" అనెను.

వారము తిరుగకుండ మేమక్కడకు పోతిమి. పాట మొదటి చరణము లేదు. తక్కినదంతయు ఉన్నది, నడుమ రెండుమారులు కుక్క మొరిగినది. మూడు ప్రతులు తీసి ఒకటి అతనికే ఇచ్చితిమి. కుక్క మొరుగును తీసివేయవచ్చునని మా ఇంజనీరు మిత్రుడు చెప్పెను గాని, అతడు వలదనెను. అవ్వ పాట ఆపి దానిని అదలించినది కూడ అందులో వినబడుచున్నదట.