కంప్యూటరులో జన్యు వినిమయం

పసిబిడ్డను చూడగానే "కళ్ళు తల్లివి, ముక్కు తండ్రిది" అని పెద్దలు అంటూ ఉంటారు. బిడ్డలో ఇద్దరి లక్షణాలూ కలిసి ఒక కొత్త రూపం ఏర్పడుతుంది. దీనికి ఆధారం జీవకణాలలోని క్రోమోజోములు. బీజకణాలు ఏర్పడేటప్పుడు జతగా చేరిన క్రోమోజోములు తమ ముక్కలను ఒకదానితో ఒకటి మార్చుకుంటాయి. దీనిని 'వినిమయం' అంటారు. అరుదుగా ఒక జన్యువులో హఠాత్తుగా మార్పు వస్తుంది. దానిని 'ఉత్పరివర్తనం' అంటారు. ఇలా పుట్టిన వైవిధ్యంలో పరిసరాలకు తగిన లక్షణాలు గల జీవులు ఎక్కువ సంతానాన్ని మిగుల్చుకుంటాయి. ఇదే ప్రకృతి వరణం.

ఈ పద్ధతిని చిక్కు సమస్యల సాధనకు వాడుకోవచ్చునా? అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ హాలండ్ (1929–2015) 1960ల నుంచి ఈ ప్రశ్నపై కృషి చేశారు. తన ఆలోచనలను 1975లో గ్రంథరూపంలో ప్రకటించారు. ఆ విధంగా రూపొందిన పద్ధతికి 'జన్యు అల్గారిథమ్' అని పేరు.

ఇందులో ఒక సమస్యకు చెప్పదగిన జవాబును అంకెల వరుసగా రాస్తారు. ఆ వరుసే క్రోమోజోము. ఒక్కొక్క అంకె ఒక్కొక్క జన్యువు. మొదట ఎటువంటి ఎంపికా లేకుండా కొన్ని వరుసలను తయారు చేస్తారు. ప్రతి వరుసకూ దాని యోగ్యతను బట్టి మార్కులు వేస్తారు. మంచి మార్కులు వచ్చినవి తల్లిదండ్రులవుతాయి. రెండింటినీ ఒకే చోట కత్తిరించి, చివరి భాగాలను ఒకదానిది మరొకదానికి అతికిస్తారు.

ఎన్ని 1 లు ఉంటే అన్ని మార్కులు అనుకొందాం. 111100 అనే వరుసకు 4 మార్కులు, 001011 అనే వరుసకు 3 మార్కులు వస్తాయి. మూడవ అంకె తరువాత కత్తిరించి కలిపితే 111011, 001100 అనే పిల్లలు పుడతాయి. మొదటి పిల్లకు 5 మార్కులు, రెండవ దానికి 2 మార్కులు. ఒక పిల్ల తల్లిదండ్రులను మించిపోయింది. అటువంటివాటిని మళ్ళీ ఎన్నుకొంటూ తరం తరువాత తరం గడిపితే జవాబు మెరుగుపడుతూ వస్తుంది.

ఇంతవరకు బాగానే ఉంది. కాని అన్ని సమస్యలూ ఇంత తేలికగా లొంగవు. ఒక పుస్తకాల వ్యాను ఆరు ఊళ్ళు తిరగాలి. ఏ ఊరి తరువాత ఏ ఊరికి వెళితే దూరం తగ్గుతుంది? ఆరు ఊళ్ళను 720 వరుసలలో తిరగవచ్చు. పది ఊళ్ళయితే 36,28,800 వరుసలు. ఇరవై ఊళ్ళయితే ఆ సంఖ్య 24 పక్కన పదిహేడు సున్నాలు పెట్టినంత! ఒక్కొక్కటి పరీక్షిస్తూ కూర్చోవడం కంప్యూటరుకు కూడా పెద్ద పనే. కనుక జన్యు అల్గారిథమ్‌ను వాడి చూద్దాం.

తండ్రి వరుస 1 2 3 4 5 6. తల్లి వరుస 3 6 5 1 4 2. నడిమికి కత్తిరించి అతికిస్తే 1 2 3 1 4 2 అనే పిల్ల పుడుతుంది. దీని ప్రకారం వ్యాను 1, 2 ఊళ్ళకు రెండేసి సార్లు పోతుంది. 5, 6 ఊళ్ళకు అసలు పోనే పోదు. ఆ ఊళ్ళ పిల్లలకు పుస్తకాలు అందవు.

లోపం ఎక్కడ ఉంది? ప్రకృతిలో వినిమయం జరిగే ముందు జత క్రోమోజోములు సరిగ్గా ఎదురెదురుగా చేరతాయి. ఒకదానిపై ఒక లక్షణపు జన్యువు ఎక్కడ ఉంటుందో, రెండవదానిపై కూడా అదే లక్షణపు జన్యువు అక్కడే ఉంటుంది. అందువల్ల ముక్కలు మారినా బిడ్డకు ఏ జన్యువూ లోపించదు. ఊళ్ళ వరుసలలో ఈ పొంతన లేదు. మూడవ స్థానంలో తండ్రికి 3వ ఊరు ఉంటే తల్లికి 5వ ఊరు ఉంది. కత్తిరించి అతికించడం ప్రకృతి పని యొక్క పై రూపం మాత్రమే. దాని వెనుక ఉన్న పొంతనను మరచిపోతే ఫలితం తారుమారవుతుంది.

అందుచేత పరిశోధకులు వినిమయాన్ని కొత్తగా ఆలోచించారు. ఈ సమస్యలో తల్లిదండ్రుల నుంచి పిల్లకు రావలసినది ఏమిటి? ఊళ్ళ క్రమం. తండ్రి నుంచి 1 2 3 తీసుకొందాం. మిగిలిన ఊళ్ళను తల్లి వరుసలో ఉన్న క్రమంలోనే చేర్చుదాం. అప్పుడు 1 2 3 6 5 4 అనే పిల్ల పుడుతుంది. ఏ ఊరూ తప్పిపోలేదు. ఏదీ రెండుసార్లు రాలేదు. ఈ కోవకు చెందిన ఒక పద్ధతిని లారెన్స్ డేవిస్, మరొకదానిని గోల్డ్‌బర్గ్, లింగిల్ అనే పరిశోధకులు 1985లో ప్రకటించారు.

1990ల తొలి ఏళ్ళలో మరొక విషయం బయటపడింది. వినిమయం గొప్పతనాన్ని పరీక్షించడానికి మెలనీ మిచెల్, స్టెఫనీ ఫారెస్ట్, హాలండ్ కలిసి 'రాజమార్గం' అనే సమస్యను కల్పించారు. అందులో 64 అంకెల వరుస ఎనిమిదేసి అంకెల భాగాలుగా ఉంటుంది. ఒక భాగమంతా 1 లతో నిండితేనే దానికి మార్కులు. పూర్తయిన భాగాలను వినిమయం చకచకా ఒకచోట చేర్చగలదని వారు భావించారు. కాని ఒకే వరుసను తీసుకొని, తోచిన అంకెను ఒక్కొక్కటిగా మార్చుతూ, మార్కులు తగ్గకుంటే ఆ మార్పును ఉంచుకొనే సాదా పద్ధతి దాదాపు పది రెట్లు త్వరగా గమ్యం చేరింది!

కారణం ఆలోచించదగినది. ఒక వరుసలో ఒక మంచి భాగం పూర్తి కాగానే దాని సంతానం గుంపంతా నిండిపోయింది. విత్తనపు వడ్లతో పాటు కలుపు గింజలు కూడా పొలానికి చేరినట్లు, మంచి భాగంతో పాటు పక్కనున్న పనికిరాని సున్నాలు కూడా వ్యాపించాయి. అందరూ ఒకేలా ఉన్నప్పుడు వినిమయం వల్ల కొత్తదనం రాదు.

దీనిని బట్టి తల్లిదండ్రులను ఎన్నుకొనే తీరు కూడా ముఖ్యమని తెలుస్తుంది. ఎక్కువ మార్కుల వరుసకే అన్ని అవకాశాలూ ఇస్తే గుంపులో వైవిధ్యం నశిస్తుంది. కనుక కొన్ని వరుసలను చీటీలు తీసినట్లు తీసి, వాటిలో మేలైనదాన్ని ఎన్నుకొనే పద్ధతి వాడుకలోకి వచ్చింది. ఇందులో మధ్యరకం వరుసలకు కూడా అవకాశం దొరుకుతుంది. ఉత్పరివర్తనం పోయిన వైవిధ్యాన్ని కొంతవరకు తిరిగి తెస్తుంది.

ఇటువంటి మార్పులతో పరిణామ పద్ధతులు ఎన్నో రంగాలలో ఉపయోగపడ్డాయి. 2006 మార్చిలో నాసా ప్రయోగించిన మూడు చిన్న ఉపగ్రహాలలో ఒక వింత ఆకారపు యాంటెన్నాను అమర్చారు. వంకర తిరిగిన తీగలా ఉండే ఆ ఆకారం ఇటువంటి పద్ధతి ద్వారానే రూపొందింది.

అయినా అన్ని సమస్యలకూ సరిపోయే వినిమయ పద్ధతి ఒక్కటంటూ లేదు. ప్రకృతి గొప్ప గురువే. ఆ గురువు చేసిన పనిని చూసి చేయడం కన్న, ఎందుకు అలా చేసిందో తెలుసుకొని చేయడమే శిష్యునికి మేలు చేస్తుంది.

ఆలోచించి జవాబులు రాయండి

1. 1 2 3 1 4 2 అనే వరుస వ్యానుకు ఎందుకు పనికిరాదు?
2. గుంపులో వైవిధ్యం నశిస్తే కలిగే నష్టమేమిటి?
3. తండ్రి వరుస 4 1 6 2 5 3, తల్లి వరుస 2 3 4 5 6 1 అయితే, పాఠంలో చెప్పిన క్రమ పద్ధతిలో పుట్టే పిల్ల వరుసను రాయండి.