లక్కపిడతలకు ఒక వెబ్‌సైటు

చిన్న వ్యాపారపు వెబ్‌సైటుకు ఉన్న పని ఒక్కటే. కొట్టుదాకా రాలేని మనిషికి, కొట్లో కూర్చున్నాయన చెప్పే సంగతులన్నీ అడక్కముందే చెప్పడం. ఏం అమ్ముతారు, ఎంతకిస్తారు, ఎక్కడుంటారు, తెప్పించుకోవడం ఎలా? డిజైను అంటే రంగులూ హంగులూ అనుకునేవాళ్లే ఎక్కువ. నిజానికి ఈ నాలుగు ప్రశ్నల జవాబులు ఏ వరసలో, ఎంత త్వరగా, ఎంత స్పష్టంగా కంటపడాలో తేల్చడమే డిజైను.

అనకాపల్లి జిల్లా ఎలమంచిలి మండలంలో, వరాహ నది ఒడ్డున ఉన్న లక్క బొమ్మల ఊరు ఏటికొప్పాకను తీసుకుంటే ఈ విషయం తేలిగ్గా అర్థమవుతుంది. అక్కడ అంకుడు కర్రను లేతు మీద తిప్పుతూ లక్కను ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. పైన మొగలి ఆకుతో రుద్దితే నిగనిగలాడుతుంది. విత్తనాలు, బెరడు, వేళ్లు, ఆకుల నుంచి తీసిన సహజ రంగులు ఈ బొమ్మల ప్రత్యేకత. వీటికి 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఈ కళలో సహజ రంగులకు మళ్లీ ప్రాణం పోసిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటం ఏటికొప్పాక బొమ్మలతోనే కదిలి, రాష్ట్రాల శకటాల్లో మూడో బహుమతి అందుకుంది. ఇలాంటి వార్త వచ్చిన రోజున ఎక్కడో నాగపూర్‌లోనో న్యూజెర్సీలోనో ఒకరు ఫోను తీసి ఆ పేరు వెతుకుతారు. బొమ్మ చేసినవాడి సొంత పేజీ సరిగ్గా లేకపోతే, ఆ బేరం మధ్యవర్తి ఖాతాలోకి పోతుంది.

ఆ వెతికే మనిషి చేతిలో ఉండేది ఫోనే. ఇంటర్నెట్ తొలి రోజుల్లో పేజీలన్నీ కంప్యూటర్ తెర వెడల్పుకే కట్టేవారు. 2010లో ఈథన్ మార్కాట్ అనే అమెరికా డిజైనర్ రాసిన వ్యాసంతో ‘రెస్పాన్సివ్ డిజైను’ అన్న మాట స్థిరపడింది. ఒకే పేజీ తెర వెడల్పును బట్టి తనంతట తాను సర్దుకోవడం దీని సూత్రం. కంప్యూటర్‌లో పక్కపక్కన నిలిచిన మూడు బొమ్మలు ఫోనులో ఒకదాని కింద ఒకటిగా వస్తాయి. గూగుల్ కూడా ఇప్పుడు ఫోనులో కనిపించే రూపాన్నే చదివి జాబితాకెక్కిస్తుంది. అందుకే పేజీని ముందు ఫోనుకు గీసుకుని, ఆ తర్వాత పెద్ద తెరకు విస్తరించడం మేలు. పేజీ కట్టే పని ఒప్పుకున్న కుర్రవాడు తన ల్యాప్‌టాప్‌లో చూపిస్తే అందంగానే ఉంటుంది. యజమాని మాత్రం తన ఫోనులో తెరిచి చూసేదాకా డబ్బు చేతిలో పెట్టకూడదు.

తెరవగానే వేలు కదపకుండా కనిపించే జాగా పేజీలో అన్నిటికన్నా విలువైనది, వీధి మొగలో ఉన్న కొట్టులాంటిది. చాలామంది దాన్ని ‘మా వెబ్‌సైటుకు స్వాగతం’ అన్న మాటతో, కదిలే బొమ్మల వరసతో నింపేస్తారు. స్వాగతం పలకడం మర్యాదే, కానీ దానివల్ల బేరం తెగదు. అక్కడ ఉండాల్సింది వ్యాపారం పేరు, ‘ఏటికొప్పాక లక్క బొమ్మలు, సహజ రంగులతో’ లాంటి ఒక్క వాక్యం, ఒక మంచి ఫొటో, నొక్కితే ఫోను మోగే బటన్, దాని పక్కనే వాట్సాప్ బటన్. బటన్లు బొటనవేలికి అందేంత పెద్దవిగా ఉండాలి. 2023లో వెలువడిన అంతర్జాతీయ సౌలభ్య ప్రమాణాలు కనీసం 24 పిక్సెళ్లు అంటున్నాయి. పనులు చేసి మొద్దుబారిన వేళ్లకు 44 ఉంటేనే సుఖం. మెనూలో మాటలు తిన్నగా ఉండాలి. ‘బొమ్మలు’, ‘ధరలు’, ‘చిరునామా’ అంటే ఎవరికైనా తెలుస్తుంది; ‘మా ప్రస్థానం’ అంటే లోపల ఏముందో తెలియదు.

బొమ్మలు అమ్మేవాళ్లకు ఫొటోయే సరుకు. ఇక్కడ ఎక్కువగా దొర్లే పొరపాటు కొలత చెప్పకపోవడం. లక్కపిడతల జత ఒక్కటే తెర నిండా కనిపిస్తే కొనేవాడు నిజంగానే వంటింటి గిన్నెలంత ఉంటాయనుకుంటాడు. పార్సిల్ విప్పి చూస్తే గుప్పిట్లో పట్టేంత ఉంటాయి. మోసమేమీ జరగలేదు, అయినా కోపం వస్తుంది. అదే పిడతను అరచేతిలో పెట్టి తీసిన ఫొటో ఒకటుండి, కింద ‘ఎత్తు 4 సెంటీమీటర్లు’ అని రాస్తే ఆ తగువే లేదు. సహజ రంగు ఒక్కో విడతకు కాస్త ముదురుగానో లేతగానో దిగుతుంది. దాన్ని దాచకుండా ఫొటో కిందే చెప్పేస్తే అది లోపంగా కాక చేతిపనికి గుర్తుగా నిలుస్తుంది. ఫొటోలు కిటికీ వెలుగులో, తెల్లని గుడ్డ మీద పెట్టి తీస్తే చాలు, స్టూడియో అక్కర్లేదు.

ఫొటో బరువు ఇంకో సంగతి. ఫోనుతో తీసిన బొమ్మ ఒక్కోటి నాలుగైదు మెగాబైట్లుంటుంది. అలాంటివి ఇరవై ఎక్కిస్తే సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్నచోట పేజీ తెరుచుకోదు. వెడల్పు 1200 పిక్సెళ్లకు కుదించి, జేపెగ్‌గానో వెబ్‌పీగానో దాస్తే ఒక్కోటి 200 కిలోబైట్లకు అటూఇటూగా వస్తుంది, కంటికి తేడా తెలియదు. పేజీలోని ముఖ్యమైన భాగం రెండున్నర సెకన్లలోపు కనిపించాలన్నది గూగుల్ పెట్టుకున్న కొలమానం.

తెలుగు పేజీలకు ప్రత్యేకమైన చిక్కులు కొన్నున్నాయి. డీటీపీ సెంటర్‌లో కరపత్రం కోసం అను ఫాంట్లలో కొట్టించిన మేటర్‌ను నేరుగా వెబ్‌సైటులో అతికిస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి. దాన్ని యూనికోడ్‌లోకి మార్చాలి. ఆ బాధ పడలేక చాలామంది కరపత్రాన్నే ఫొటో తీసి పెట్టేస్తారు. ఆ అక్షరాలు వెతుకులాటలో సరిగా దొరకవు, ఫోనులో చీమల్లా కనిపిస్తాయి, చూపులేనివారికి తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కూ అందవు. ఇక వరసల మధ్య ఎడం. ఇంగ్లీషుకు సరిపోయే ఎడం తెలుగుకు చాలదు. ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ లాంటి మాటల్లో ఒత్తులు కిందికి దిగి, కింది వరసలోని గుడులను తాకుతాయి. అక్షరం ఎత్తుకు 1.6 నుంచి 1.8 రెట్లు వదిలితే చదవడానికి హాయిగా ఉంటుంది. మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంట్లు గూగుల్ దగ్గర ఉచితంగానే దొరుకుతాయి. మండలి పాఠానికి, రామభద్ర శీర్షికకు నప్పుతాయి. ఒక పేజీకి రెండు ఫాంట్లు దాటితే పెళ్లి పత్రికలా తయారవుతుంది.

రంగుల విషయంలో పొదుపే అందం. బొమ్మలు ఎలాగూ పసుపు, ఎరుపు, ఆకుపచ్చల్లో ఉంటాయి కాబట్టి వాటి వెనక తెలుపో లేత రంగో ఉంటేనే అవి కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. అక్షరానికీ వెనకరంగుకూ వెలుగులో కనీసం 4.5కు 1 తేడా ఉండాలన్నది అంతర్జాతీయ ప్రమాణం. తెలుపు మీద పసుపు అక్షరాలు ఆ పరీక్షలో ఓడిపోతాయి. ప్రమాణాలు చదివే తీరిక లేకపోతే మిట్టమధ్యాహ్నం ఫోను పట్టుకుని ఎండలోకి వెళ్లి చదివి చూడవచ్చు.

ఊరి పేరు రాయడంలోనూ మెలకువ కావాలి. ఎలమంచిలిని ఇంగ్లీషులో కొందరు ‘వై’తో, కొందరు ‘ఈ’తో మొదలుపెడతారు. కొనేవాడు ఏది టైపు చేస్తాడో ఎవరికి తెలుసు? పేజీలో ఎక్కడో ఒకచోట రెండూ రాసి ఉండటం మంచిది. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి కొత్త జిల్లా అయింది. అంతకుముందు కట్టిన పేజీల్లో విశాఖపట్నం జిల్లా అనే ఉంటుంది కాబట్టి దాన్ని దిద్దుకోవాలి. గూగుల్ మ్యాపులో కొట్టు చోటు గుర్తించి, ఆ లింకును చిరునామా కిందే పెట్టాలి. 16వ నంబరు జాతీయ రహదారి మీద కారులో పోతున్నవాళ్లు పక్కకు తిరగాలంటే అదే దారి చూపిస్తుంది.

డబ్బు చెల్లించేచోట ఒక తమాషా జరుగుతుంటుంది. కొట్లో అతికించిన క్యూఆర్ కోడ్‌నే తెచ్చి పేజీలో పెడతారు. ఫోనులో కనిపించే కోడ్‌ను అదే ఫోనుతో స్కాన్ చేయడం ఎలా? నొక్కగానే యూపీఐ యాప్ తెరుచుకునే బటన్ ఉండాలి, లేదా యూపీఐ ఐడీని కాపీ చేసుకునేలా అక్షరాల్లో రాయాలి. ధరలో పార్సిల్ ఖర్చు కలిసిందో లేదో, విరిగితే వాపసు ఉందో లేదో ముందే చెప్పాలి. నమ్మకం కుదిరేది అక్కడే. చట్టం కూడా ఇదే అడుగుతుంది. 2020 జులైలో వచ్చిన వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాల ప్రకారం, ఆన్‌లైన్‌లో అమ్మే సంస్థ తన పేరు, చిరునామా, ఫోను, ఈమెయిలు, ఫిర్యాదులు చూసే అధికారి వివరాలు పేజీలో చూపాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. ఇక పేజీకి కావాల్సిన భద్రతా సర్టిఫికెట్ ఉచితంగానే దొరుకుతుంది, దానికి వేలకు వేలు పోయనక్కర్లేదు.

అన్ని వ్యాపారాలకూ ఒకే అచ్చు సరిపోదు. అనకాపల్లి బెల్లం వర్తకుడికి ఫొటోల కన్నా ధర ముఖ్యం, అది రోజురోజుకీ మారుతుంది. ధర పక్కన తేదీ వేసి ఏ రోజుకారోజు మార్చే ఓపిక ఉంటేనే ఆ పట్టిక పెట్టాలి. లేదంటే ‘నేటి ధరకు ఫోను చేయండి’ అన్న ఒక్క ముక్క చాలు. పోయిన సంక్రాంతి ధర చూపించే పేజీ కన్నా అసలు పేజీ లేకపోవడమే నయం.

చివరగా కాగితాల పని ఒకటుంది. డొమైన్ పేరును, అంటే వెబ్‌సైటు చిరునామాను, చాలాసార్లు డిజైనరే తన ఈమెయిలుతో, తన ఖాతాలో కొనేస్తాడు. రెండేళ్ల తర్వాత అతను ఊరు మారితే తన వ్యాపారం పేరుకు యజమానే పరాయివాడవుతాడు. డొమైన్, హోస్టింగ్ (పేజీని ఇంటర్నెట్‌లో ఉంచే చోటు) ఖాతాలు రెండూ యజమాని పేరు మీద, యజమాని ఫోను నంబరుతో ఉండాలి. గడువు తేదీ కొట్లో క్యాలెండర్ మీద రాసి ఉండాలి. గడువు తీరాక సకాలంలో డబ్బు కట్టకపోతే ఆ పేరు మళ్లీ అమ్మకానికి వస్తుంది, దాన్ని ఎవరైనా కొనుక్కోవచ్చు.