నీటిపై మోపిన నేరము

కావలి పట్టణములో తల వెండ్రుకలు రాలుచున్నవని ఎవరైన నొచ్చుకొన్నచో, వినువారు తడుముకొనకుండ చెప్పు కారణము నీళ్లు. ఉదయగిరి మెట్టపల్లెలనుండి జవహర్ భారతి కళాశాలలో చదువుకొనుటకు వచ్చి వసతిగృహమున చేరిన విద్యార్థియు, పొరుగు జిల్లానుండి మెట్టినింటికి వచ్చిన కొత్తకోడలును, బదిలీపై వచ్చిన ఉద్యోగియు, దువ్వెనకు చుట్టుకొన్న వెండ్రుకలను చూచి "ఈ ఊరి నీళ్లు పడలా, జుట్టంతా ఊడిపోతా ఉంది" అని ఒకే తీర్పు చెప్పుదురు. తూర్పున తుమ్మలపెంట యొద్ద సముద్రమున్నది. బోరునీరు పలుచోట్ల ఉప్పగా నుండును. సబ్బు నురుగు పట్టదు. ఇన్ని సాక్ష్యములుండగా నేరమును నీటిపై మోపుట సహజమే. కాని ఈ విచారణలో ఎవరును అడుగని ప్రశ్న ఒకటి కలదు: నేడు రాలిన వెండ్రుక ఎదుగుట ఎప్పుడు మానినది?

నీరు పూర్తిగా నిర్దోషియని నేననను. కాల్షియము, మెగ్నీషియము లవణములు మిక్కుటముగా నున్న నీరు సబ్బుతో కలిసి తెట్టె కట్టి, వెండ్రుకపై పొరగా అంటుకొని, దానిని గరుకుపరచును. గరుకైన వెండ్రుక చిక్కుపడి దువ్వెనకు తెగును. అయితే తెగుట వేఱు, ఊడుట వేఱు. రాలిన వెండ్రుకను వెలుతురున పట్టి చూచినయెడల, ఒక కొనయందు తెల్లని చిన్న బుడిపె కనబడినచో అది కుదురునుండి ఊడినది. బుడిపె లేనిచో నడుమ తెగినది. వెండ్రుకకు ప్రాణమున్న భాగము చర్మము క్రింద కొన్ని మిల్లీమీటర్ల లోతుననుండు కుదురు మాత్రమే. పైకి కనబడు పొడవంతయు కెరటిన్ అను మాంసకృత్తుతో ఏర్పడిన నిర్జీవ తంతువు. తలపై పోసికొన్న నీరు ఆ కుదురును చంపజాలదు. కొబ్బరినూనెకును ఇదే న్యాయము వర్తించును. అది తంతువునందలి మాంసకృత్తు నష్టమును తగ్గించునని ప్రయోగములలో తేలినది గనుక మన అవ్వల అలవాటు వ్యర్థము కాదు. అయినను అది క్రొత్త వెండ్రుకను మొలిపించునని సీసాలపై అచ్చువేయువారి మాట మాత్రము నమ్మదగినది కాదు.

మనుష్యుని తలపై సుమారు 1 లక్ష కుదుళ్లుండును. ప్రతి కుదురును 2 నుండి 6 సంవత్సరములపాటు, నెలకు రమారమి 1 సెంటీమీటరు చొప్పున, వెండ్రుకను పెంచి, పిమ్మట 2, 3 వారములలో ముడుచుకొని, సుమారు 3 నెలలు విశ్రమించును. ఆ విశ్రాంతి ముగియు వేళకు పాత వెండ్రుక వదలిపోయి, క్రొత్తది మొలకెత్తును. కావలి కాలువ క్రింద ఒక రైతు మడి నాటులో నుండగా మఱియొకని మడి పొట్టకు వచ్చి, వేఱొకనిది కోతకు సిద్ధమై యున్నట్లు, తలపైనున్న కుదుళ్లన్నియు వేర్వేరు దశలలో నుండుటచేతనే, దినమునకు 50 నుండి 100 వెండ్రుకలు రాలుచున్నను తల బోసిపోకున్నది.

ఈ క్రమము చెదరిపోవు సందర్భములు కొన్ని కలవు. టైఫాయిడు, డెంగీ, కోవిడ్ వంటి తీవ్రజ్వరము, శస్త్రచికిత్స, కఠినమైన ఉపవాసము, హఠాత్తుగా బరువు తగ్గుట మొదలగునవి శరీరమును కుదిపినప్పుడు, ఎదుగుచున్న కుదుళ్లలో గొప్ప భాగము ఒక్కసారిగా విశ్రాంతిలోనికి జాఱుకొనును. ఆ దినమున ఒక్క వెండ్రుకయు రాలదు. రెండు మూడు నెలలు గడచి, జ్వరము వచ్చిన సంగతియే మఱచిపోయిన తరువాత, కుదుళ్లన్నియు కలిసికట్టుగా తమ పాత వెండ్రుకలను విడిచివేయును. ఆల్బర్ట్ క్లిగ్‌మన్ అను అమెరికన్ చర్మవైద్యుడు 1961లో ఈ స్థితికి టీలోజెన్ ఎఫ్లూవియం అను పేరు పెట్టి వివరించెను. వానకాలమున జ్వరపడి లేచిన విద్యార్థికి సంక్రాంతి సెలవుల నాటికి జుట్టు రాలుట ఆరంభించినచో, అతనికి కంటి యెదుట కనబడునది స్నానపుగదిలోని కుళాయి గాని, గడచిపోయిన జ్వరము కాదు. నింద నీటిపై పడుటకు మూలము ఈ ఆలస్యమే.

నిందవలెనే కీర్తియు తప్పుచోటికే పోవుచున్నది. ఇట్టి రాలుడు సాధారణముగా ఆరు నెలలలో తనంతట తానే శాంతించును. ఆ ఆరు నెలలలో రోగి మందార తైలము, గుంటగలగర తైలము, టీవీ ప్రకటనలోని తైలము వరుసగా వాడి, చివర కొన్నదానికి ఘనత కట్టబెట్టును. బాలింతలదియు ఇదే కథ. గర్భిణీదశలో ఈస్ట్రోజెన్ ప్రభావమున వెండ్రుకలు రాలక నిలిచి జడ ఒత్తుగా కనబడును. కాన్పైన రెండు నాలుగు నెలలకు, నిలిచినవన్నియు తమ వంతు తీర్చుకొనును. పత్యము సరిగా చేయలేదని ఆ తల్లిని ఇంటివారు దెప్పుట అన్యాయము.

అయితే ఆరు నెలలు దాటియు రాలుట ఆగనప్పుడు లోపలి కారణమును వెదకవలెను. ఆంధ్రప్రదేశమున 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో సగముకంటె ఎక్కువమంది రక్తహీనతతో నున్నారని 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలిపినది. హిమోగ్లోబిన్ సరిగానే యున్నను ఇనుము నిల్వ అడుగంటియుండవచ్చును. దానిని ఫెరిటిన్ పరీక్ష పట్టియిచ్చును. థైరాయిడు గ్రంథి మందగించినను, విజృంభించినను జుట్టు రాలును. ఈ పరీక్షలు చేయించుకొనక బయొటిన్ మాత్రలు మ్రింగువారు, ఆ మాత్రలే థైరాయిడు పరీక్షాఫలితమును తారుమారు చేయగలవని ఎఱుగరు. పోషకములు మితిమీరినను ముప్పే. విటమిన్ ఏ, సెలీనియము అధికమైనచో వెండ్రుకలు ఊడును.

ఈ సెలీనియము విషయమున మొన్నటి ఉదంత మొకటి చెప్పవలసియున్నది. 2024 డిసెంబరు చివర మహారాష్ట్రమున బుల్ఢాణా జిల్లా శేగాఁవ్ తాలూకా పల్లెలలో అనేకుల జుట్టు కొద్ది దినములలోనే చేతికి ఊడివచ్చి తలలు బోడులయ్యెను. అచ్చటివారు అనుమానించినదియు మొదట నీటినే. పిమ్మట తేళ్లకాటు చికిత్సచే ప్రసిద్ధుడైన వైద్యుడు హిమ్మత్‌రావ్ బావస్కర్, చౌకదుకాణపు గోధుమలలోని అధిక సెలీనియమువైపు వేలు చూపెను. జుట్టు మూడు నెలలు ఆలస్యముగా కాక మూడు నాలుగు దినములలోనే రాలినదనగా, అది విశ్రాంతికి పోయిన వెండ్రుక కాదనియు, ఎదుగుచున్న కుదురునకే దెబ్బ తగిలినదనియు గ్రహింపవలెను. క్యాన్సరు మందులు చేయునదియు ఇదే: వేగముగా విభజన చెందు కణములన్నిటిని కొట్టు ఔషధము, క్యాన్సరు కణమును, వెండ్రుక కుదురును వేఱుచేసి చూడదు. భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు లెడర్లే ప్రయోగశాలలో తమ సహచరులతో రూపొందించిన ఫోలిక్ ఆమ్ల విరోధులనుండి వచ్చిన మెథోట్రెక్సేట్ కొందఱికి జుట్టును పలుచన చేయును. అదే మందును పేనుకొరుకుడు ముదిరినవారికి జుట్టు మొలిపించుటకు వైద్యులు వాడుచున్నారు.

ఆ పేనుకొరుకుడు పేరు చూచి పేనుపై అపవాదు వేయరాదు. రూపాయి బిళ్లంత మేర నున్నగా జుట్టూడు ఈ వ్యాధిలో, శరీర రక్షణవ్యవస్థయే తన కుదుళ్లను పరాయివిగా ఎంచి ముట్టడించును. మన పల్లెలలో గురివింద గింజను అరగదీసి పట్టించుట వాడుక. ఆ గింజలోని ఏబ్రిన్ ఘోరవిషము. పసివాని నోటికి తగిలినచో ప్రాణాపాయము. ఒకటి రెండు మచ్చలు మాత్రమే యున్నవారిలో పెక్కుమందికి ఏడాదిలోపల ఏ మందును లేకుండగనే జుట్టు తిరిగి వచ్చును గనుక, గురివిందకు వచ్చిన పేరు కూడ కాలము పెట్టిన భిక్షయే. వైద్యులు మచ్చలోనికి స్టెరాయిడు సూదిమందు ఇత్తురు. బిడ్డల తలపై మచ్చ పొట్టుతోను, దురదతోను ఉన్నచో అది తామర కావచ్చును. దానికి పైపూత చాలదు, కడుపులోనికి మందు వలయును.

తిరుమల కల్యాణకట్టలో తలనీలాలు సమర్పించిన తరువాత జుట్టు ఒత్తుగా వచ్చునను నమ్మకమును గూర్చి ఒక్క మాట. గొరుగుటచే వెండ్రుక మందముగాని వేగముగాని మారదని మిల్డ్రెడ్ ట్రాటర్ 1928లోనే కొలిచి చూపెను. మొద్దుగా తెగిన కొనలు చేతికి గరుకుగా తగులును, అంతియే. మ్రొక్కు తీర్చుకొనుటకు ఈ సాకు అక్కఱలేదు.

ఇక పురుషుల బట్టతల. పిల్లప్రాయముననే వృషణములు తొలగింపబడినవారికి బట్టతల రాదని జేమ్స్ హామిల్టన్ 1942లో నిరూపించుటయే కాక, వారికి టెస్టోస్టిరోన్ ఇచ్చినపుడు వంశమున బట్టతల యున్నవారికే జుట్టు పలుచబడినదనియు చూపెను. అనగా హార్మోనును, వారసత్వమును రెండును కలిసి రావలెను. మేనమామ పోలికయను మాటలో కొంత సత్యము లేకపోలేదు. టెస్టోస్టిరోనును గ్రహించు గ్రాహకపు జన్యువు తల్లినుండి వచ్చు ఎక్స్ క్రోమోజోముపై నున్నది. కాని తండ్రివైపు జన్యువులును అనేకము పాలుపంచుకొనును. 1974లో జూలియన్ ఇంపెరాటో మెక్‌గిన్లీ బృందము డొమినికన్ రిపబ్లిక్‌లోని ఒక మారుమూల పల్లెలో, పుట్టునపుడు ఆడపిల్లలుగా తోచి యుక్తవయస్సున మగవారైన కొందఱిని పరిశీలించి, టెస్టోస్టిరోనును మఱింత తీవ్రమైన డైహైడ్రోటెస్టోస్టిరోనుగా మార్చు ఎంజైము వారిలో లోపించినదని ప్రకటించెను. వారికి ప్రోస్టేటు గ్రంథి చిన్నదిగనే నిలిచినది, బట్టతల రాలేదు. ఆ ఎంజైమును అడ్డగించు ఫినాస్టరైడ్ 1992లో ప్రోస్టేటు మందుగాను, 1997లో బట్టతల మందుగాను అమెరికాలో అనుమతి పొందెను. మినాక్సిడిల్ కథ ఇంకను విచిత్రము: రక్తపోటునకు మ్రింగించిన మందు రోగుల ఒడలెల్ల రోమములు మొలిపింపగా, దానిని ద్రావణముగా మార్చి 1988లో తలకు పూయు మందు చేసిరి.

ఈ రెండింటిని వాడువారు తొలినాళ్లలోనే విడిచిపెట్టుటకు కారణమును కాలచక్రమే చెప్పును. మినాక్సిడిల్ విశ్రాంతిలోనున్న కుదుళ్లను మేల్కొలుపుటచే మొదటి వారములలో పాత వెండ్రుకలు మఱింత రాలును. రోగి బెదరి సీసాను పారవేయును. ఫలము కనబడుటకు 4 నుండి 6 నెలలు పట్టును. మానినచో వచ్చినది కొద్ది నెలలలో పోవును. ఫినాస్టరైడ్ కొందఱు పురుషులలో లైంగికేచ్ఛను మందగింపజేయవచ్చును. గర్భిణి ఆ మాత్ర ముక్కలను తాకనేకూడదు. వైద్యుని సలహా లేక మందులషాపులో అడిగి కొనదగినది కాదది. కుదుళ్లను తల వెనుకనుండి తెచ్చి ముందు నాటుటయు కలదు. 1959లో నార్మన్ ఓరెంట్రైక్ చూపినట్లు, నాటిన కుదురు తాను వచ్చిన చోటి స్వభావమునే నిలుపుకొనును. అది శస్త్రచికిత్స, బ్యూటీపార్లరు పని కాదు. 2022లో తీవ్రమైన పేనుకొరుకుడునకు అమెరికాలో అనుమతి పొందిన బారిసిటినిబ్ మాత్ర అనేకులకు జుట్టు తిరిగి తెచ్చినది. కాని రక్షణవ్యవస్థను అణచు మందు గావున, దానిని మొదలిడుటకు పూర్వము క్షయ లేదని పరీక్షచే నిర్ధారించుకొందురు.