భయపడే బాబాయితో ఒక రోజు

దసరా సెలవుల్లో మీ ఇంటికి పట్నం నుంచి బాబాయి వచ్చాడనుకోండి. "ఎత్తిపోతల, నాగార్జునకొండ చూసొద్దాం పద బాబాయ్!" అని మీరు ఆయన్ను బస్సెక్కించారు. నరసరావుపేట దాటాక రోడ్డుకు రెండువైపులా నల్లరేగడి చేలే. ఒకచోట పత్తి విచ్చుకుంటోంది, మరోచోట మిరప పచ్చగా ఎదుగుతోంది. అంతవరకు బాబాయి హుషారుగానే ఉన్నాడు. మాచర్ల చేరేసరికి ప్రశ్నలు మొదలుపెట్టాడు. "జలపాతం దగ్గర కాలు జారితే? అక్కడ మొసళ్లున్నాయటగా? లాంచీ మునిగితే?"

మీకు నవ్వొస్తోంది కదూ! కాస్త ఆగండి. ఆ మూడు భయాలనూ ఒక్కొక్కటిగా పరీక్షిద్దాం.

మొదటిది ఎత్తు. చంద్రవంక వాగు మరో రెండు వాగులతో కలిసి ఎత్తిపోతల వద్ద సుమారు 70 అడుగుల నుంచి, అంటే 21 మీటర్ల నుంచి దూకుతుంది. గాలి నిరోధాన్ని వదిలేసి లెక్క కట్టండి. నీరు రెండు సెకన్లలో అడుగుకు చేరుతుంది. అప్పటికి దాని వేగం గంటకు 70 కిలోమీటర్లు దాటుతుంది!

కమ్మీల దగ్గరి నుంచి కిందికి చూడగానే బాబాయి కాళ్లు వణికాయి. ఎందుకు? మనం తిన్నగా నిలబడడానికి కళ్లు, లోపలి చెవి, పాదాలు, కండరాలు మెదడుకు నిత్యం వార్తలు పంపుతుంటాయి. దగ్గరి వస్తువులను చూస్తున్నప్పుడు శరీరం కొద్దిగా ఊగినా కన్ను పసిగడుతుంది. చూసేది ఎంతో దూరాన ఉంటే ఆ చిన్న ఊగు కంటికి తెలియదు. అందుకే తల తిరిగినట్లవుతుంది. బాబాయి కమ్మీని గట్టిగా పట్టుకున్నాడు. చేతి స్పర్శ కంటికి సాయమయింది, వణుకు తగ్గింది. ఇంట్లో ఒంటికాలి మీద నిలబడి కళ్లు మూసుకు చూడండి. నిలకడలో కంటి పాత్ర ఎంతో మీకే తెలుస్తుంది.

మరి ఆయన గుండె దడదడలాడిందేం? మెదడులో బాదంగింజ ఆకారంలో ఉండే అమిగ్డలా అనే భాగం ప్రమాద సూచన అందుకుంది. మూత్రపిండాల మీద ఉండే అధివృక్క గ్రంథులు ఎడ్రినలిన్‌ను విడుదల చేశాయి. గుండె వేగం పెరిగింది, కాళ్ల కండరాలకు రక్తం ఎక్కువగా చేరింది, నోరెండింది. పోరాడడానికో పారిపోవడానికో శరీరం ఇలా సిద్ధపడుతుందని అమెరికన్ శాస్త్రజ్ఞుడు వాల్టర్ కానన్ 1915లో వివరించాడు. కాబట్టి బాబాయిది పిరికితనం కాదు, ఆయన ఒంట్లోని కాపలావాడు మెలకువగా ఉన్నాడంతే.

ఇంతలో మీరేం చేశారు? "ఇంకా దగ్గరగా చూస్తా" నంటూ కమ్మీ మీదికి ఎక్కబోయారు! బాబాయి మీ చొక్కా పట్టి వెనక్కు లాగాడు. తడి రాతి మీద నాచు ఉంటే కాలికీ రాతికీ మధ్య ఘర్షణ బాగా తగ్గిపోతుంది. అక్కడ ధైర్యం కాలిని పట్టి ఉంచదు.

రెండో భయం మొసలి. జలపాతం కింది మడుగులో మొసళ్లున్న మాట నిజమే. మొసలి శీతలరక్త జంతువు. తన ఒంటి వేడిని మనలా లోపలే తయారుచేసుకోలేదు కనుక గట్టున ఎండ కాచుకుంటుంది. గంటల తరబడి కదలకపోయేసరికి బొమ్మేమో అనిపిస్తుంది. నీళ్లలో ఉంటే కళ్లు, ముక్కురంధ్రాలు మాత్రమే పైకి తేలుతాయి. కమ్మీల ఇవతల నిలబడినవారికి దానితో పేచీ లేదు. ఈతకొట్టాలని మడుగులో దిగేవారికే ప్రమాదం.

మూడోది లాంచీ. ఎత్తిపోతలకు సుమారు 11 కిలోమీటర్ల దూరంలో నాగార్జునసాగర్ ఉంది. కుడిగట్టున విజయపురి సౌత్ నుంచి లాంచీలో నాగార్జునకొండకు వెళ్లాలి. బాబాయి ముందుగా లైఫ్ జాకెట్ అడిగాడు. తగిలించుకుని ఊరుకోలేదు, పట్టీలన్నీ బిగించాడు. ఆర్కిమిడీస్ సూత్రం చదివారుగా! నీటిలో మన బరువులో చాలా భాగాన్ని నీరే మోస్తుంది. మిగిలిన కొద్ది కిలోలను జాకెట్‌లోని తేలికైన పదార్థం మోసి, తలను నీటిపైన ఉంచుతుంది. పట్టీలు వదులుగా ఉంటే జాకెట్ పైకి లేస్తుంది, మనిషి కిందికి జారతాడు.

లాంచీ కదిలింది. నీటి అడుగున ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న లోయ ఉందని మీరు చెప్పారు. జలాశయంలో ఆ లోయ మునిగిపోతుందని తెలిసి 1954 నుంచి 1960 వరకు అక్కడ తవ్వకాలు జరిపారు. ముఖ్యమైన కట్టడాలను కొండమీదికీ, అనుపుకూ తరలించి తిరిగి నిలబెట్టారు. 1967లో సాగర్ కాలువలకు నీరు వదిలారు. నాటి కొండే నేటి ద్వీపం. ఆ మాటలు వింటూ బాబాయి, మునుగుతామేమోనన్న సంగతే మరచి, నీళ్లకేసి చూస్తూ కూర్చున్నాడు.

భయం కలిగినచోట ఏ ప్రమాదమూ జరగకపోతే మెదడు ఆ పాఠాన్ని కూడా నేర్చుకుంటుంది. తిరుగు ప్రయాణంలో బాబాయి నాడి నెమ్మదించింది.

ఇప్పుడు చెప్పండి, ఆ రోజు ఎక్కువ ప్రమాదంలో పడబోయింది ఎవరు? మూడు ప్రశ్నలు అడిగిన బాబాయా, ఒక్కటీ అడగని మీరా?