కోయినా అడుగున ఏమున్నది?

సంతలో కుండను కొనువారు దానిని వ్రేలితో మీటి చూతురు. ఖంగున మ్రోగినచో కొందురు. బొంగురుగా పలికినచో ఎచ్చటనో బీటయున్నదని గ్రహించి ప్రక్కన పెట్టుదురు. భూమి లోపలి బీటలను కనుగొనుటకు శాస్త్రజ్ఞులు చేయు పనియు దాదాపు ఇట్టిదే. అయితే అంత పెద్ద కుండను మీటగల వ్రేలు మనకు లేదు. ఆ పనిని భూకంపములే చేసిపెట్టుచున్నవి.

మహారాష్ట్రమున సహ్యాద్రి పర్వతములలో కోయినా నదిపై 103 మీటర్ల ఎత్తున ఆనకట్టను నిర్మించిరి. 1962 నాటికి జలాశయమున నీరు చేరుచుండెను. కొలదికాలమునకే చుట్టుప్రక్కల పల్లెలలో నేల అదరసాగెను. దక్షిణాపథపు శిలాపీఠము చలింపనిదని అప్పటివారి విశ్వాసము. 1967 డిసెంబరు 11 తెల్లవారుజామున, జనులు నిద్రలో నుండగా, 6.3 పరిమాణము గల భూకంపము వచ్చెను. ఇండ్లు కూలి ఇంచుమించు 200 మంది మరణించిరి. ఆ విశ్వాసమును వారితోడనే కూలిపోయెను. 1985లో దక్షిణమున వార్నా జలాశయము నిండ నారంభించిన పిమ్మట కంపములు ఆ వైపునకును ప్రాకినవి. నేటికిని అవి ఆగలేదు. సుమారు 30 కిలోమీటర్ల పొడవు, 20 కిలోమీటర్ల వెడల్పు గల ప్రదేశములోనే, అదియు చాలవరకు 10 కిలోమీటర్ల లోపు లోతుననే, అవి పుట్టుచున్నవి.

పైన కనబడునది లావా గడ్డకట్టగా ఏర్పడిన నల్లరాయి. కంపములకు మూలమైన భ్రంశము దాని క్రింద దాగియున్నది. దానిని చూచుటెట్లు?

భూకంపము పుట్టగనే రెండు విధములగు తరంగములు బయలుదేరును. మొదటిది రాతిని నొక్కుచు, వదలుచు పోవును. నల్లరాతి క్రింది గ్రానైటులో దాని వేగము సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు. రెండవది రాతిని అడ్డముగా ఊపుచు సుమారు మూడున్నర కిలోమీటర్ల వేగముతో వెనుక వచ్చును. రెండింటి నడుమ ఎన్ని సెకన్ల జాగున్నదో చూచి 8తో హెచ్చవేసినచో, కంపకేంద్రము ఎన్ని కిలోమీటర్ల దూరముననున్నదో ఇంచుమించుగా తెలియును. ఉపాధ్యాయులు తరగతిలో చేయించదగిన లెక్క యిది.

కాని రాయి అంతటను ఒక్కతీరున నుండదు. నలిగి పగిలిన రాతిలో తరంగము మెల్లగా నడచును. గట్టిరాతిలో వడిగా పోవును. వందలకొలది చిన్న కంపములను అనేక భూకంపలేఖినులు నమోదు చేసినచో, వాని నడుమ వేలకొలది తరంగమార్గములు అడ్డదిడ్డముగా అల్లుకొనును. ఏ మార్గమున తరంగము ఆలస్యముగా వచ్చెనో, ఏ మార్గమున ముందు వచ్చెనో పోల్చి చూచినచో మెత్తని చోటేదో, గట్టి చోటేదో తేలును.

ఇచ్చట నొక చిక్కు కలదు. కంపము పుట్టినచోటు తెలిసినగాని వేగము తెలియదు. వేగము తెలిసినగాని పుట్టినచోటు తెలియదు. పెండ్లి అయితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెండ్లి కాదన్న సామెత జ్ఞప్తికి వచ్చును. 1976లో అకీ, లీ అను శాస్త్రజ్ఞులు రెండింటిని ఒకే లెక్కలో కలిపి సాధించు మార్గమును చూపిరి. కాలిఫోర్నియాలోని శాన్ ఆండ్రియాస్ భ్రంశమునకు దానిని వర్తింపజేయగా, భ్రంశము వెంబడి వేగము తగ్గిన పట్టీ యొకటి బయటపడెను.

కోయినాలో ఈ పరిశోధనను చేపట్టినది మన హైదరాబాదులో 1961లో నెలకొల్పబడిన జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ. అచ్చట అసలు ప్రశ్న నీటిని గూర్చినది. జలాశయపు నీరు భ్రంశములోనికి ఇంకి, దాని పట్టును సడలించుచున్నదా? దీనికి రెండు తరంగముల వేగముల నిష్పత్తి తోడ్పడును. రెండవ తరంగము ద్రవములో ప్రయాణింపజాలదు. కావున బీటలు నీటితో నిండినచోట రెండవదాని వేగము మొదటిదానికన్న హెచ్చుగా తగ్గును, నిష్పత్తి పెరుగును. ఇట్టి సూచనను మాత్రము తొందరపడి సాక్ష్యముగా గైకొనరాదు. రాతి జాతి మారినను నిష్పత్తి మారవచ్చును. మార్గములు అల్లుకొనని చోట చిత్రములో కనబడు రంగులకు విలువయే లేదు.

అందుచేతనే స్వయముగా త్రవ్వి చూచుట అవసరమయ్యెను. 2017 నాటికి కోయినాలో 3 కిలోమీటర్ల లోతు వరకు రంధ్రము తొలిచిరి. నల్లరాయి సుమారు 1,250 మీటర్ల మందమున్నదనియు, దాని క్రింద ఏ అవక్షేపశిలల పొరయు లేక నేరుగా గ్రానైటు జాతి రాయి యున్నదనియు తేలెను. కాని కంపములు పుట్టు తావులు చాలవరకు ఆ రంధ్రపు అడుగునకును దిగువనే యున్నవి. అంతలోతు సంగతి తెలిసికొనుటకు, 1967లో కోయినా ఇండ్లను కూల్చినట్టి కంపములపైననే శాస్త్రజ్ఞులు ఆధారపడవలసియున్నది.