వరవిక్రయము: రంగస్థలము నుండి వెండితెరకు

నాటకమును చిత్రముగా తీయువారు ‘ఏది విడువవలెను?’ అని మొదట ఆలోచింతురు. అంతకంటె ముందు ‘ఏది విడువరాదు?’ అని ఆలోచింపవలెను. కాళ్ళకూరి నారాయణరావుగారు 1921లో వెలువరించిన ‘వరవిక్రయము’ నాటకమును సి. పుల్లయ్యగారు 1939లో చిత్రముగా తీసినప్పుడు ఈ ప్రశ్నకు తగిన సమాధానము లభించినది.

ఆ చిత్రముతో మన ప్రాంతమునకు చుట్టరికము కలదు. లోభి లింగరాజు పాత్ర ధరించిన బలిజేపల్లి లక్ష్మీకాంతకవిగారు గుంటూరు సీమవారు. హరిశ్చంద్ర నాటకకర్తగా ప్రసిద్ధులు. కాళిందిగా తొలిసారి తెరపై కనిపించిన భానుమతిగారు ఒంగోలు చెంతనున్న దొడ్డవరమున జన్మించినారు.

కథ మనకు తెలిసినదే. కట్నమునకై తండ్రి పడు పాట్లు చూడలేక కాళింది ప్రాణత్యాగము చేయును. పుచ్చుకొన్న సొమ్ము లింగరాజు తిరిగి ఈయడు. చెల్లెలు కమల పెండ్లికి ఒప్పుకొని, పిమ్మట న్యాయస్థానమున, వెలపెట్టి కొన్న వరుడు తమ సొత్తేయని వాదించును.

రంగస్థలముపై శోకమునకు పద్యమే ఊతము. ప్రేక్షకులు ‘వన్స్ మోర్’ అన్నచో కథ ఆగును, రాగము సాగును. తెరపై ఆ వెసులుబాటు లేదు. పద్యము చేయు పనిని దగ్గరగా చూపిన ముఖమే చేయవలెను. కావున పద్యములు తగ్గించుట దోషము కాదు. కాళిందిని బ్రతికించుట దోషము. ఆమె మరణముతోనే కథ ముగించుటయు దోషమే. కన్నీటితో ఇంటికి పోయిన ప్రేక్షకుడు మరునాడు కట్నమడుగవచ్చును. కమల ముందు నవ్వులపాలైన వరుని చూచినవాడు ఒకింత సంకోచించును.

ఇంగ్లీషు నాటకమునకును ఇట్టి పరీక్ష ఎదురైనది. లారెన్స్ ఒలీవియర్ 1948లో తీసిన ‘హామ్లెట్’లో ఫోర్టిన్‌బ్రాస్ పాత్ర లేదు. రాకుమారుని వేదన మిగిలినది గాని, అతని మరణానంతరము రాజ్యమేమైనదను చింత మరుగుపడినది. రష్యనులు 1964లో తీసిన చిత్రమున ఆ పాత్ర తిరిగి వచ్చినది. మన చిత్రమో, అక్క మరణమును, చెల్లెలి వ్యాజ్యమును రెంటిని నిలుపుకొన్నది.

వరకట్న నిషేధ చట్టము 1961లో వచ్చినది. నాటకము అంతకు నలువదియేండ్లు పెద్దది. అయినను ప్రత్తి, మిరప పండు ఈ నేలపై, పెండ్లి మాటలలో ఎకరముల లెక్క నేటికిని వినబడుచునే యున్నది. ఉపాధ్యాయులు ఈ నాటకమును తరగతిలో చదివించి, కాళింది మృతికి కంటతడి పెట్టిన విద్యార్థులను ‘కమల లేకున్న ఏమి పోవును?’ అని అడుగుదురు గాక. ఆ సమాధానము వారికి పరీక్షలోనే గాక, పెండ్లి పీటల మీదను అక్కరకు వచ్చును.